ఎర్ర లొద్దిలో ఆకు చెప్పులు

రాజయ్య నడుస్తుంటే చెప్పులు కిర్రుకిర్రుమంటాయి. తోలు చెప్పులు. కొత్తలో కాలు కొరికేవి. ఆముదం పూసి పూసి మెత్తన చేసుకున్నాడు గాని చప్పుడు మాత్రం అట్లాగే ఉండనిచ్చాడు.

"నువ్వచ్చేది ఊరంత తెల్వాల్నా? దొంగతనానికైతే పనికిరావు" అని భార్య కొమురమ్మ ఎక్కిరిస్తుంది. ఆ చప్పుడంటే రాజయ్యకు ఇష్టం. ఎందుకిష్టమో కొమురమ్మకూ తెలుసు.

ఆ ఎండాకాలం కోరుట్ల నుంచి కూతురు భూదేవి వచ్చింది. అక్కడ బీడీలు చేస్తుంది. బడికి సెలవులని బిడ్డ జమునను కూడా తెచ్చింది. జమున వచ్చిన పొద్దు నుంచి ఒకటే పాట.

"తాతా, లొద్దికెప్పుడు తోల్కపోతవ్?"

లొద్ది అంటే పెగడపల్లి అవతల, రెండు గుట్టల నడుమ వాగు కోసుకుంటూ పోయిన లోయ. రెండు దిక్కులా ఎర్రబండలు గోడలు లేపినట్టు నిలబడి ఉంటాయి. పొద్దున ఇటుక రంగు, ఎండెక్కితే కుంకుమ రంగు, పొద్దుగూకితే కాలిన కుండ రంగు. లోపల ఎంత ఎండకైనా ఎండని మడుగు ఉంది. అక్కడికి పోవడానికి రెండు తొవ్వలు. వాగులోంచి పోయేదానికి రాళ్ళ మీద దుంకుతూ పోవాలి, అది గొర్ల కాపరులకే. పిల్లలను వెంటబెట్టుకొని పోయేవాళ్ళు బండ అంచున మెట్లు కొట్టిన తొవ్వన పోతారు. ఎక్కుడు తక్కువ, నడుమ నడుమ నీడ ఉంటుంది. ఒక్క చోట మాత్రం అది ఒక్క మనిషి పట్టేంత సన్నగా అయిపోతుంది. దాన్ని ఒంటితొవ్వ అంటారు.

కొన్నేండ్లుగా వేడుకకని ఆ గుట్టలెక్కేవాళ్ళు లేరు. తుపాకుల అన్నలు తిరుగుతున్నారని పోలీసులు వస్తారు, పోలీసులు వస్తారని ఊరివాళ్ళు పోరు. బీడీలకు తునికాకు తెంపే రోజుల్లో మాత్రం గుట్ట మీద మనుషుల అలికిడి ఉంటుంది, ఎవరూ ఎవరినీ అడగరు. రాజయ్య ఆ రోజులే చూసుకున్నాడు.

కొమురమ్మ సద్ది కడుతుంటే దగ్గర నిలబడి చూశాడు.

"ఎక్కువ కట్టకు. ఎవలికి వెట్టబోతున్నరు అని పోలీసోళ్ళు అడుగుతరు."

"ఎవలికేంది. నీ ఒక్కని కడుపు జూస్తె వాళ్ళే నమ్ముతరు."

పొద్దు పొడవక ముందే బయలుదేరారు. ముందు రాజయ్య, వెనుక జమున, దాని వెనుక భూదేవి, అందరికంటే వెనుక సద్దిగంపతో కొమురమ్మ. చెరువుకట్ట దాటి, దొర ఒకప్పుడు ఉన్న గడి గోడ పక్కనుంచి పోయారు. గడిలో ఇప్పుడు గొర్లు నిలుస్తున్నాయి. పాడుబడిన దర్వాజలోంచి గొర్రెపెంట వాసన వస్తున్నది. గడి దాటి కొంచెం దూరం పోతే మలుపు. అక్కడ జమున ఆగింది.

"గీడనేనా తాతా?"

"గీడనే."

ఈ కథ ఆమెకు నోటికి వచ్చు. కోరుట్లలో తోటిపిల్లలకు కూడా చెప్పింది. మునుపు దొర కంటబడేటట్టు చెప్పులు తొడుక్కొని నడవరాదు. పని నుంచి ఊళ్ళోకి వచ్చేటప్పుడు మలుపు దగ్గరనే విప్పి చేతిలో పట్టుకోవాలి. గడి దాటినంక మళ్ళీ తొడుక్కోవాలి. లొద్దిలో కూడా అంతే. దొర ఇంటివాళ్ళు వనభోజనాలకు వచ్చిన నాడు బండ ఎంత కాలినా ఉత్త కాళ్ళతోనే మోతలు మోయాలి. తర్వాత కూలీల సంఘం వచ్చింది. ఒకనాడు ఊరి కూలిజనం అంతా డప్పులు కొట్టుకుంటూ, చెప్పులు తొడుక్కొని గడి ముందునుంచి నడిచారు. అందరి ముందు రాజయ్య. ఆ నడకకనే జగిత్యాల పోయి కొన్న చెప్పులు. అవి అరిగితే అటువంటివే మళ్ళీ కొన్నాడు, ఇవి అరిగితే మళ్ళీ కొంటాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే దొర ఇంటివాళ్ళు ఊరిడిచి జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నారు.

"దొర ఏమన్నడు తాతా నిన్ను జూసి?"

"ఏమనలే. తలుపేసుకున్నడు."

జమున తృప్తిగా నవ్వింది. ఆ మాట దగ్గర ఎప్పుడూ నవ్వుతుంది.

లొద్ది మొదట్లో మొర్రిచెట్లు ఉన్నాయి. జమున కొంగులాగా గౌను పట్టుకొని నల్లటి మొర్రిపండ్లు ఏరింది. మెట్ల తొవ్వ ఎక్కుతుంటే చల్లటి గాలి కిందికి దిగుతున్నది. బండలకు పొద్దు తగులుతున్నది పైన పైననే. ఒక మెట్టు మీద ఉలి గాట్లు చూసి జమున కూర్చుంది.

"గీ మెట్లు ఎవలు కొట్టిండ్రు?"

"మా నాయిన. ఇంక కొందరు."

"ఎందుకు?"

"దొర ఇంటి ఆడోళ్ళు మేనాల ఎక్కేటందుకు. మోసేటోళ్ళకు కాలు జారద్దు గదా."

"మోసిందెవలు?"

రాజయ్య ముందుకు నడిచాడు. కిర్రు, కిర్రు. వెనుక పిల్ల ఆ చప్పుడుకు అడుగు కలుపుతూ వచ్చింది.

ఒంటితొవ్వ మొదట్లో మనుషులు కనిపించారు. రాజయ్య ముందుగా చేతికర్ర చూశాడు, తర్వాత తెల్లటి ధోవతి, ఆ తర్వాత మొఖం. హనుమంత రావు దొర. అదే గడి దొర. బాగా ముసలివాడయ్యాడు, మెడ సన్నబడింది. పక్కన కోడలు లీల, ఆమె వేలు పట్టుకొని చిన్నపిల్ల తార. ముందుకు పోవాలా వెనక్కి మళ్ళాలా తెలియక నిలబడ్డట్టు ఉన్నారు. పనివాళ్ళు లేరు, పోలీసులు లేరు. కింద వాగు ఒడ్డున తుమ్మచెట్టు చాటుకు ఆపిన జీపు రాజయ్యకు ఇప్పుడు గుర్తుకొచ్చింది. బీడీ కంపెనీవాళ్ళ జీపేమో అనుకున్నాడు.

"ఎవలు, రాజయ్యవా?" అన్నాడు దొర. మునుపు ఆ నోట రాజిగా అనే వచ్చేది.

"నేనే."

"మనుమరాలు ఒకటే పోరు. మీ లొద్ది జూపియ్యి, లొద్ది జూపియ్యి అని." ఆయన గొంతు తగ్గించాడు. "మీదికి పోవచ్చునా? ఏమన్న ఉన్నదా?"

ఆ ఏమన్న అంటే అన్నలేనని ఇద్దరికీ తెలుసు. మునుపు ఈ తొవ్వకు ఆయన సెలవు కావాలి. ఇప్పుడు ఆయనే రాజయ్యను అడుగుతున్నాడు.

"ఏం లేదు దొరా. పోండ్రి" అన్నాడు రాజయ్య, బండకు వీపు ఆనించి తొవ్వ ఇస్తూ.

వాళ్ళు ఒకరి వెనుక ఒకరు ఒంటితొవ్వ దాటి మలుపు తిరిగారు. రాజయ్య కూడా నడిచాడు. నాలుగు అడుగులు వేశాక వెనుక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూశాడు. జమున నిలబడి అతని చెయ్యి చూస్తున్నది.

కిర్రుమనే చప్పుడు లేదు. పాదాల కింద రాయి చల్లగా తగులుతున్నది. చెప్పులు రెండూ చేతిలో ఉన్నాయి. తలకు చుట్టుకున్న తువ్వాల కూడా ఎప్పుడు తీశాడో చంకలో ఉంది.

ఎప్పుడు వంగాడో అతనికి తెలియదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా వంగినట్టు గుర్తు రావడం లేదు.

భూదేవి తల దించుకొని గంప సర్దినట్టు చేసింది. గంప ఆమె దగ్గర లేదు, కొమురమ్మ నెత్తి మీద ఉంది. కొమురమ్మ ఎక్కిరిస్తుందని రాజయ్య ఎదురు చూశాడు. ఎక్కిరిస్తే బాగుండు అనిపించింది.

"అమ్మా, తాత చెప్పులిప్పిండు" అంది జమున.

"ముల్లిరిగింది కావచ్చు బిడ్డా" అంది భూదేవి.

రాజయ్య ఆ మాట పట్టుకున్నాడు. మెట్టు మీద కూలబడి కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకొని అరికాలు చూసుకున్నాడు. జమున పరుగున వచ్చి ముందర కూర్చుంది.

"నాకు జూపియ్యి. అమ్మా, పిన్నీసియ్యే."

భూదేవి పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది, ఇస్తూ తండ్రి మొఖం చూడలేదు. జమున అతని పాదం ఒళ్ళో పెట్టుకొని, ఉమ్మి తడి చేసి, బొటనవేలితో రుద్దింది. పగుళ్ళలో మట్టి తీసింది. మడమ దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తే పిన్నీసుతో మెల్లగా గీకింది. అది పాత కాలినమచ్చ. తర్వాత ఎడమకాలు అడిగింది. దాన్నీ అట్లాగే చూసింది. అంత సేపూ రాజయ్య కదలలేదు. తేలు కుట్టినా అంత కష్టం ఉండకపోయేది.

"ముల్లు లేదు తాతా" అంది చివరికి.

"రాలిపోయిందేమో."

జమున పిన్నీసు తల్లికి ఇచ్చేసింది. చెప్పులు తొడుక్కొని రాజయ్య లేచాడు. కిర్రుమంది. ఆ చప్పుడు ఇప్పుడు ఎవరో పరాయివాడు నడుస్తున్నట్టు వినిపించింది.

మడుగు దగ్గర దొర ఇంటివాళ్ళు పైవైపు గూడులాగా ఉన్న బండ కింద కూర్చున్నారు. రాజయ్య తన వాళ్ళను కిందివైపు చెలిమె అనే చిన్న నీటిగుంట దగ్గర కూర్చోబెట్టాడు. నడుమ ఒక పెద్ద బండ అడ్డం. అటు నుంచి తార నీళ్ళలో తపతప కొట్టే చప్పుడు, నవ్వు వినిపిస్తున్నాయి. జమున అటు పోతానని అడగలేదు. మడుగు చూడాలని ఏడాది నుంచి పోరిన పిల్ల, రొట్టె తుంచుకుంటూ చెలిమెలో చిన్న చేపలను చూస్తూ కూర్చుంది.

"అవ్వా, నువ్వు జూసినవా" అని మెల్లగా కొమురమ్మను అడిగింది, "తాత గడి ముందట నడిచింది?"

రాజయ్య బుక్క నోట్లోనే ఉండిపోయింది.

"నేను ఎనక ఆడోళ్ళల్ల ఉన్న" అంది కొమురమ్మ. "ముందటోళ్ళు నాకు కనవడలే బిడ్డా. మస్తు మంది ఉండిరి."

ఆమె అబద్ధమాడదు. ఒక్క అబద్ధమాడితే ఏంబోయిందని రాజయ్యకు ముసలిదాని మీద కోపం వచ్చింది. ఆ కోపానికీ సిగ్గేసింది.

తిని లేచే వేళకు అటువైపు సర్దుకుంటున్న అలికిడి అయింది. రాజయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"వాళ్ళను పోనీ."

"ఎండెక్కుతది. పెనంబండ కాలుతది" అంది భూదేవి.

"పోనీ అంటున్న గదా."

వాళ్ళు పోయినంక కూడా చాలాసేపు ఆగాడు. తొవ్వలో మళ్ళీ ఎదురుపడకుంటే చాలు. ఎదురుపడితే మాత్రం ఏం చేయాలో కూడా అనుకున్నాడు. కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటూ నడవాలి. చేతులు వెనుక కట్టుకోవాలి. లేచేటప్పుడు చెప్పుల బెల్టు ఒక గుంజు ఎక్కువ గుంజి బిగించాడు.

లొద్దిలోంచి బయటికి రావాలంటే, పొద్దున చల్లగా దాటి వచ్చిన పెనంబండను మళ్ళీ దాటాలి. చెట్టు చేమ లేని వాలుబండ. ఎండ పడితే రొట్టె కాలుతుందని ఆ పేరు. ఆగి ఆగి వచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది, బండ మీద గాలి ఆవిరిలాగా ఆడుతున్నది.

బండ అంచున ఉన్న మోదుగచెట్టు నీడలో వాళ్ళు నిలబడి ఉన్నారు. తార ఏడుస్తున్నది. ఆ పిల్ల కాళ్ళు ఉత్తగా ఉన్నాయి. చెప్పులు మడుగులో జారిపోయాయి కావచ్చు. లీల ఎత్తుకొని ఇంతదాకా తెచ్చి అలిసిపోయినట్టుంది, రొప్పుతున్నది. ఎత్తుకొని వాలుబండ దిగడం ఆమెతో కాదు. కర్ర పట్టుకున్న ముసలాయనతో అసలే కాదు.

"రాజయ్యా..." అన్నాడు హనుమంత రావు. అని, అక్కడే ఆగాడు.

"మామయ్యా, అడగండి" అంది లీల.

ఆయన అడగలేదు.

రాజయ్య చేతులు వెనుక కట్టుకున్నాడు. మొఖం తిప్పకుండా వాళ్ళ ముందునుంచి నడిచాడు. కిర్రు, కిర్రు. బండ మీద ప్రతి అడుగూ గట్టిగా వేశాడు. వేడి తోలు దాటి అరికాలికి తగులుతున్నది. వెనుక జమున చూస్తుంది. చూడాలి. ఇదిగో, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. దొర ఎదుట ఉన్నాడు. చూడాలి.

బండ దాటి అవతలి నీడలో ఆగి, తిరిగాడు.

వెనుక ఎవరూ లేరు. తన వాళ్ళు ముగ్గురూ మోదుగచెట్టు దగ్గరనే ఉన్నారు. జమున తన రబ్బరు చెప్పులు విప్పి తార కాళ్ళకు తొడుగుతున్నది.

"ఓ ముసలోడా" అని కొమురమ్మ బండ అవతలి నుంచి కేక వేసింది. గొంతులో కోపం కూడా లేదు. "చెప్పులు కాళ్ళకున్నయి, సరే. కండ్లేడ వెట్టి పోతున్నవ్?"

రాజయ్యకు చెవులు వేడెక్కాయి. పొద్దుటి సిగ్గు ఇంతసేపూ గుండెలో రాయిలాగా ఉంది. ఇది దాని మీద ఇంకో రాయి. పొద్దున వంగింది నడుము, తనకు తెలియకుండా వంగింది. ఇప్పుడు మాత్రం ఏడ్చే పిల్లను చూసి కూడా, తెలిసే నడిచాడు.

వెనక్కి నడిచాడు. బండ ఈసారి పొడుగ్గా అనిపించింది.

జమున చెప్పులు తారకు పెద్దగున్నాయి. అడుగు వేస్తే జారుతున్నాయి.

"వాలు మీద పడుతది" అన్నాడు రాజయ్య. "నీయి నువ్వేస్కో."

మోదుగ కొమ్మ వంచి వెడల్పాటి ఆకులు తెంపాడు. చిన్న కొమ్మ బెరడు చీల్చి నార తీశాడు. నారను నోట్లో పెట్టుకొని మెత్తన చేశాడు. తార ముందర బండ మీద కూర్చున్నాడు. అంతా చేసిన తర్వాత ఆగాడు. పాదం పట్టుకోవాలి. దొర ఇంటి పిల్ల పాదం, ఒళ్ళో పెట్టుకొని, జమున చూస్తుండగా.

"ఇటియ్యండి, నేను కడుతాను" అంది లీల. ఆ ఇంటివాళ్ళు అతన్ని మీరు అని మాట్లాడటం రాజయ్య వినడం అదే మొదలు.

"నీకు రాదమ్మా."

పాదం మోకాలి మీద పెట్టుకున్నాడు. అరికాలు ఎర్రగా కమిలి ఉంది. ఆకు మీద ఆకు, తొడిమెలు మడమ వైపు, ఆకుల నడుమ ఇంత పచ్చిగడ్డి. బొటనవేలి సందులోంచి నార తీసి మడమకు చుట్టి ముడి వేశాడు. ఎన్నో ఏండ్లు అయింది చేసి. చేతులు మాత్రం మర్చిపోలేదు. ఈ చేతులు ఏదీ మర్చిపోవు అనుకున్నాడు.

తార ఏడుపు ఆపింది. ఒక కాలు లేపి చూసుకొని కిసుక్కున నవ్వింది.

"తాతా, నాక్కూడ కట్టు" అంది జమున.

"నీకద్దు."

"ఎందుకద్దు? మంచిగున్నయి గదా."

"అద్దంటె అద్దు."

అంత గట్టిగా అతను ఎప్పుడూ ఆ పిల్లతో మాట్లాడలేదు. జమున బిక్కమొఖం వేసింది. మోదుగాకులు గాలికి కదిలాయి.

"నా చిన్నప్పుడు మేడమీదికెల్లి చూసేటోన్ని" అన్నాడు హనుమంత రావు. ఎవరితో అంటున్నాడో తెలియకుండా, బండ వైపు చూస్తూ అన్నాడు. "ఎండల పనికి పోయొచ్చేటోళ్ళు మలుపుకాడ కూసుండి కాళ్ళు పట్టుకొని ఏదో ఇప్పేటోళ్ళు. ముండ్లు తీసుకుంటున్నరు అనుకుందును. ఆకులని తర్వాత తెల్సింది. ఆకులు కట్టుకున్నా మా నాయినకు చెప్పులు తొడిగినట్టే."

"తెల్సినంక ఏం జేసినవ్ దొరా?" అంది కొమురమ్మ. వంకాయలు తాజావేనా అని అడిగినంత మామూలుగా అడిగింది.

ఆయన కర్ర కొసతో బండ మీది మట్టిని అటూ ఇటూ జరిపాడు. మట్టి అంతా ఒక పక్కకు చేరింది. దాన్ని మళ్ళీ ఇటు జరిపాడు.

రాజయ్య రెండో పాదానికి ముడి వేసి లేచాడు. జమున ముల్లు లేని అతని కాళ్ళ వైపు చూసి, తార ఆకుల వైపు చూసి, మళ్ళీ అతని కాళ్ళ వైపు చూసింది.

పెనంబండ అందరూ కలిసే దిగారు. తార నడుమ, ఒక చెయ్యి లీలకు, ఒక చెయ్యి జమునకు ఇచ్చి. ఆకులు సరసరమంటున్నాయి, రాజయ్య చెప్పులు కిర్రుమంటున్నాయి. వెనుక హనుమంత రావు ఒక్కొక్క అడుగే వేస్తూ దిగాడు. ఒక చోట ఆయన తూలాడు. రాజయ్య చెయ్యి ముందుకు పోయింది. ఈసారి అది పోవడం అతను చూశాడు. చూసి కూడా వెనక్కి తీసుకోలేదు. మోచెయ్యి పట్టి ఆపాడు, ఆయన నిలదొక్కుకోగానే వదిలేశాడు.

జీపు దగ్గర తార ఆకులు విప్పనని మొండికేసింది. వాటితోనే ఎక్కింది. హనుమంత రావు తలుపు పట్టుకొని నిలబడి ఏదో అనబోయాడు.

"పొద్దుగూకక ముందే జగిత్యాల చేరుండ్రి" అన్నాడు రాజయ్య. దొరా అనే మాట నాలుక కొసదాకా వచ్చింది. మింగాడు.

ఇంటి తొవ్వ పట్టారు. గడి మలుపు ఇంకా కొంచెం దూరం ఉందనగా జమున అతని పక్కకు వచ్చింది.

"తాతా."

"ఊఁ."

"నువ్వు అందరికన్న ముందు చెప్పులతోటి నడిచింది నిజమేనా?"

"నిజమే."

"మరి పొద్దుగాల ఇప్పింది?"

ముల్లు అనవచ్చు. పిల్ల ఇంక వెతకదు.

"గదీ నిజమే బిడ్డా" అన్నాడు. "ముల్లు లేకుండె."

జమున తల ఊపింది. అర్థమైందో లేదో తెలియదు. ఈసారి నవ్వలేదు. కోరుట్ల పోయాక ఈ కథ తోటిపిల్లలకు చెబుతుందో, చెబితే ఏ కథ చెబుతుందో అనుకున్నాడు.

మలుపు వచ్చింది. పాడుబడిన గడి కనిపించింది. గొర్లు దర్వాజలోంచి లోపలికి పోతున్నాయి. రాజయ్య అడుగు అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో తెలిసి తల దించుకున్నాడు.

వెనుక నుంచి ఖాళీ గంప అంచు వీపుకు తగిలింది.

"నడు" అంది కొమురమ్మ. "గొర్లే ఉన్నయి."

నడిచాడు. చెప్పులు కిర్రుమన్నాయి. జమున పక్కనే నడుస్తున్నది గాని ఆ చప్పుడుకు అడుగు కలపలేదు.